వీణ వచ్చినవారు గిటార్ కొనాలంటే ఆరు తీగలదా, ఏడు తీగలదా?

సారణి_విశాఖ:

అందరికీ నమస్కారం. నేను చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్నాను, ఇప్పటికీ రోజూ సాధన చేస్తాను. ఈమధ్య గిటార్ మీదికి మనసు పోయింది. బంధువుల ఇంట్లో ఒక అబ్బాయి ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటే కూర్చుని విన్నాను. మాటల మధ్యలో అన్నిటికంటే లావు తీగను ఒకసారి మీటి వదిలాడు. అది నా వీణ మీది అనుమంద్ర పంచమంలా వినిపించింది. ఇంటికి వచ్చి ఫోనులో శ్రుతి చూసుకుంటే నిజంగానే రెండూ ఒకటే స్వరం. నా వీణ మూడో శ్రుతిలో ఉంటుంది, అంటే షడ్జమం ‘ఇ’, అనుమంద్ర పంచమం ‘బి’. ఆ గిటార్ ఏడో తీగ కూడా అదే ‘బి’.

అప్పటి నుంచి ఏడు తీగలదే కొనాలని ఉంది. దుకాణంలో అడిగితే, కొత్తవారు ఆరు తీగలతోనే మొదలుపెట్టాలి, ఏడూ ఎనిమిదీ రాక్ బ్యాండ్ల వారికి అన్నారు. నాకు కావలసినవి రెండు. సాయంత్రాలు పాత సినిమా పాటలు పాడుకుంటూ కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వాయించుకోవాలి. నాకు తెలిసిన రాగాలు గిటార్ మీద పలికించాలి. రెండోదే అసలు కోరిక.

వీణలో ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే పనిచేస్తాయి కాబట్టి మిగతా రెండు వేళ్లకు బలం లేదు. చేతులు కూడా చిన్నవి. ఇల్లు సముద్రానికి దగ్గర, వీణ తీగలే త్వరగా తుప్పు పడతాయి. ఆంప్లిఫయర్‌తో కలిపి 50 వేల వరకు పెట్టగలను. మా తమ్ముడు వదిలి వెళ్లిన పాత యమహా ఎఫ్310 అకూస్టిక్ గిటార్ ఒకటి ఇంట్లో ఉంది. దానికి తీగలు కొత్తవి వేయించాలి. ఏం చేయమంటారు?

క్వయర్_గుంటూరు:

అమ్మా, నేను చర్చి క్వయర్‌లో చాలా ఏళ్లుగా గిటార్ వాయిస్తున్నాను, పిల్లలకు నేర్పుతాను. నా మాట ఒకటే: ఉన్న ఆరు తీగల గిటార్‌కు తీగలు మార్చి ఇ ఎ డి జి బి ఇ అనే మామూలు శ్రుతిలోనే మొదలుపెట్టండి. మీకు దొరికే ప్రతి పుస్తకం, ప్రతి వీడియో, ప్రతి పాటల కాగితం ఆ శ్రుతినే నమ్ముకుని ఉంటాయి. జి, సి, డి, ఇ మైనర్, ఎ మైనర్ అనే ఐదు కార్డ్‌లు, వాటితో పాటు కాపో (అన్ని తీగలనూ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే బిగింపు) వాడటం వస్తే ఎన్నో పాటలు పాడుకోవచ్చు. ఉంగరపు వేలికి బలం కూడా ఆ కార్డ్‌లు పట్టడంలోనే వస్తుంది. శ్రుతులు మార్చడం మొదట్లోనే పెట్టుకుంటే ఎవరి దగ్గర నేర్చుకుందామన్నా ఇబ్బంది పడతారు.

తీగల_మరమ్మతు_సికింద్రాబాద్:

గుంటూరు మిత్రులు చెప్పింది పాటల వరకు నూటికి నూరుపాళ్లు సరి. కానీ ఆమె అసలు కోరిక రాగాలు అని రాశారు. దాన్ని పక్కన పెట్టి సలహా ఇవ్వకూడదు. నేను గిటార్ల మరమ్మతు చేస్తాను, వీణకు మేళం కట్టేవారి, అంటే మెట్లు అమర్చేవారి దగ్గర కొంతకాలం కూర్చుని ఆ పని కూడా చూశాను. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు తీగల లెక్క పక్కన పెట్టండి. మీరు ఏ శ్రుతిలో వాయిస్తారో తేల్చుకుంటే, ఎన్ని తీగలు కావాలో దానంతట అదే తేలుతుంది. వీణ మీద స్థాయికి 12 మెట్లు, గిటార్ మీద కూడా 12 ఫ్రెట్‌లు. వేలు ఎక్కడ పెట్టాలో మీకు ఇప్పటికే తెలుసు. మీకు కొత్తగా ఉండేది తీగకూ తీగకూ మధ్య దూరం. వీణ నాలుగు తీగలు సా పా సా పా. గిటార్ మామూలు శ్రుతిలో ‘ఇ’ని షడ్జమం అనుకుంటే లావు తీగ నుంచి వరసగా సా, మా, కైశికి ని, సాధారణ గా, పా, సా వస్తాయి. కార్డ్‌లు పట్టడానికి చక్కటి అమరిక. రాగం వాయిస్తున్నప్పుడు మాత్రం ఖాళీ తీగలలో మీకు అవసరం లేని స్వరాలు మోగుతూ ఉంటాయి.

కాబట్టి డబ్బు పెట్టే ముందు తమ్ముడి గిటార్ మీద ఒక పని చేయండి. ఆరో తీగను, రెండో తీగను, ఒకటో తీగను ఒక్కొక్క స్వరం, అంటే రెండేసి ఫ్రెట్‌ల మేర దించండి. ఇప్పుడు డి ఎ డి జి ఎ డి అవుతుంది. అది మన లెక్కలో సా పా సా మా పా సా, రెండో శ్రుతి. ఇంగ్లండులో డేవీ గ్రేహమ్ 1960ల మొదట్లో ఈ శ్రుతిని వ్యాప్తిలోకి తెచ్చారు, జానపద గిటారిస్టులు ఎందరో అందుకున్నారు. మీకు మూడో శ్రుతి కావాలంటే రెండో ఫ్రెట్ మీద కాపో పెట్టండి. అంతేగాని మూడో శ్రుతి కోసం ఐదో తీగను, నాలుగో తీగను ‘బి’, ‘ఇ’లకు బిగించవద్దు. అదే తీగను ఒక స్వరం పెంచితే దాని మీద బిగువు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. పాత అకూస్టిక్ గిటార్ బ్రిడ్జి లేచిపోవడానికి అది చాలు.

అలా కొన్ని వారాలు వాయించి చూడండి. మీకు తృప్తిగా ఉంటే ఏమీ కొనవద్దు. ఆ అనుమంద్ర పంచమం లేక వెలితిగా అనిపిస్తే అప్పుడు ఏడు తీగలది కొనండి, ఎవరు వద్దన్నా కొనండి. ఎందుకంటే ఆరు తీగల గిటార్ మీద మామూలు తీగలతో ఆ స్వరం సరిగా రాదు. ఆరో తీగను ‘ఇ’ నుంచి ‘బి’కి దించితే ఉన్న బిగువులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. తీగ ఫ్రెట్‌లకు తగిలి గరగరలాడుతుంది. లావు తీగ వేసి, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి వెడల్పు చేసి దించవచ్చు, కానీ అప్పుడు ఆ తీగ స్వరానికీ దాని పక్క తీగ స్వరానికీ మధ్య పెద్ద ఖాళీ మిగిలిపోతుంది.

ఏడు తీగలది రాక్ బ్యాండ్ల వస్తువు అన్న మాట సరికాదు. అమెరికాలో జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ కళాకారుడు 1930ల చివర్లోనే ఎపిఫోన్ వారి చేత ఏడు తీగల గిటార్ చేయించుకున్నారు. కింద ‘ఎ’ పెట్టుకుని ఒక్కరే మంద్రమూ కార్డ్‌లూ పాటా కలిపి వాయించేవారు. రష్యాలో ఏడు తీగల గిటార్ సంప్రదాయం 19వ శతాబ్దం నాటిది. 1990లో స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ చేసిన మోడల్‌తో అది అందరి చేతుల్లోకి వచ్చింది, ఆ తర్వాతే భారీ రాక్ వారు అందుకున్నారు. మనవైపు చూసినా, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు నాలుగు జతల తీగల వాద్యాన్ని వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. కావలసిన సంగీతానికి తగినట్టు తీగలు పెట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే.

ఏడు తీగల గిటార్‌ను వీణ శ్రుతిలో పెట్టడం ఇలా. ఏడో తీగ ‘బి’, ఆరో తీగ ‘ఇ’ అలాగే ఉండనివ్వండి. ఐదో తీగ ‘బి’, నాలుగో తీగ ‘ఇ’ చేయండి. అంతే, మీ వీణ నాలుగు తీగలు, అదే స్థాయిలో, అదే వరసలో వచ్చేశాయి. పైన మూడో తీగను ఒక ఫ్రెట్ పెంచితే అంతర గాంధారం, రెండోది పంచమం, ఒకటోది తారషడ్జమం. కానీ ఇక్కడ పెంచుతున్నాం కాబట్టి తీగల లావు తగ్గించాలి. తీగల లావును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 10 నుంచి మొదలయ్యే సెట్టులో ఐదో తీగ 36 ఉంటుంది, దాని బదులు 32 వేయించండి. నాలుగోది 26 చుట్టు తీగ, అంటే పైన సన్న తీగ చుట్టినది. దాని స్థానంలో 20 సాదా ఉక్కు తీగ వేయించండి. అదే మీ సారణి, అంటే వీణ మీద రాగం వాయించే మొదటి తీగ. చుట్టు తీగ కంటే సాదా తీగను లాగినప్పుడు స్వరం ఎక్కువ దూరం కదులుతుంది, కాబట్టి గమకానికి అదే కావాలి.

గమకం, అంటే తీగ లాగి స్వరాన్ని కదిలించడం గురించి ముందే చెప్పాలి. వీణ మీద మెట్లు ఎత్తుగా ఉంటాయి, కింద ఖాళీ ఉంటుంది, ఒక మెట్టు మీద నుంచే మూడు నాలుగు స్వరాలు లాగుతారు. గిటార్ మీద ఒక స్వరం తేలిక, రెండు స్వరాలు కష్టపడితే వస్తాయి. మిగిలింది జారులతో పలికించుకోవాలి. తోడి గాంధారం సాధనతో వస్తుంది. దీర్ఘంగా లాగే ప్రయోగాలు కొన్నిటిని వేరే దారిలో ఆలోచించుకోవాలి.

చిన్న చేతులు అన్నారు. ఏడు తీగలవాటిలో స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలది తీసుకోండి, 26.5 లేదా 27 వద్దు. స్కేల్ పొడవు పెరిగితే లావు తీగ బిగువుగా, స్పష్టంగా పలుకుతుంది నిజమే, కానీ మొదటి ఫ్రెట్‌ల మధ్య ఎడం పెరుగుతుంది. ఐబనెజ్ ఆర్‌జి7421 వంటిది 25.5లోనే వస్తుంది, మెడ కూడా పల్చన. నట్ దగ్గర 48 మిల్లీమీటర్లు, మామూలు ఎలక్ట్రిక్ గిటార్ 43. మీరు దండి చుట్టూ చేయి తిప్పి వాయించినవారు కాబట్టి ఆ 5 మిల్లీమీటర్లు మిమ్మల్ని భయపెట్టవు. బ్రిడ్జి కదలనిది అయి ఉండాలి. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి అయితే ఒక తీగ శ్రుతి మార్చినప్పుడల్లా మిగతావన్నీ చెడతాయి, శ్రుతులు మార్చాలనుకునేవారికి అది రోజూ బాధ.

ఎనిమిది_తీగలు_బెంగళూరు:

అక్కా, మాది అనంతపురం, ఇక్కడ బ్యాండ్‌లో ఎనిమిది తీగలది వాయిస్తాను. మరమ్మతు అంకుల్ అన్నీ చెప్పారు, రెండు విషయాలు కలుపుతాను. ఎనిమిది వైపు మాత్రం వెళ్లవద్దు. ఎనిమిదో తీగ ‘ఎఫ్ షార్ప్’ దాదాపు 46 హెర్ట్జ్, బేస్ గిటార్ లావు తీగ 41. అంటే మీరు బేస్ వాద్యం పరిధిలోకి వెళ్లిపోయినట్టే. మా సంగీతానికి ఆ గర్జన కావాలి, మెషుగా అనే మెటల్ బ్యాండ్‌ను విన్నవారికి అర్థమవుతుంది. నా గిటార్ స్కేల్ 27 అంగుళాలు, నట్ 55 మిల్లీమీటర్లు, వేళ్లు ఎంతో సాగదీయాలి.

రెండోది, వాయించని తీగలను అణచడం. తీగలు పెరిగేకొద్దీ నేర్చుకోవలసింది అదే ఎక్కువ. ఒక తీగ మీటితే మిగతావి వాటంతట అవే మోగుతాయి. వీణలో ఆ మోత అందం. డిస్టార్షన్ (రాక్‌లో వాడే గరుకు మోత) పెడితే అదే గందరగోళం. మీరు శుభ్రమైన టోన్‌లోనే వాయిస్తారు కాబట్టి మీకు అంత కష్టం ఉండదు, అయినా కుడి అరచేయి అంచును లావు తీగల మీద ఆనించడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. ఆంప్లిఫయర్ చిన్నది కొంటే ‘బి’ తీగ సరిగా వినిపించదు. అది 62 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, చిన్న స్పీకరుకు ఆ శక్తి ఉండదు. ఇంట్లో వాయించడానికి ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), మంచి హెడ్‌ఫోన్ తీసుకోవడమే మేలు. ఫ్రెట్‌లు ఏటవాలుగా ఉండే మల్టీస్కేల్ గిటార్లు చూపిస్తారు, బాగుంటాయి, కానీ మామూలు కాపో వాటి మీద సరిగా కూర్చోదు.

సారణి_విశాఖ:

అందరికీ ధన్యవాదాలు. తమ్ముడి గిటార్‌కు కొత్త తీగలు వేయించి డి ఎ డి జి ఎ డిలో పెట్టాను. కాపో వేసి మాయామాళవగౌళ సరళీస్వరాలు వాయించగానే చేయి దారి పట్టింది, చాలా ఆనందమేసింది. మూడు సందేహాలు. మోహన వాయిస్తుంటే ఆ మధ్యమం తీగ పొరపాటున తగిలి చెవికి ముల్లులా గుచ్చుకుంటోంది. ఒకటో తీగను లాగితే మెడ అంచు దాటి జారిపోతోంది. కాపో తీస్తే ఆరో తీగ మొదటి రెండు ఫ్రెట్‌ల దగ్గర గరగరమంటోంది.

తీగల_మరమ్మతు_సికింద్రాబాద్:

చాలా సంతోషం. మోహన, హంసధ్వని లాంటి మధ్యమం లేని రాగాలకు ఆ మూడో తీగను ఒక ఫ్రెట్ మేర దించండి, జి నుంచి ఎఫ్ షార్ప్. అంతర గాంధారం అవుతుంది, తగిలినా రాగంలోనే ఉంటుంది. శుద్ధ మధ్యమం ఉన్న రాగాలకు మళ్లీ పెంచుకోండి. కల్యాణికి కూడా దించే ఉంచండి.

ఒకటో తీగను మెడ అంచు వైపు కాకుండా లోపలికి, మిగతా తీగల వైపు నెట్టండి. లాగే పని ఎక్కువగా రెండో తీగ మీద చేయండి. అకూస్టిక్ సెట్టులో మూడో తీగ సాధారణంగా చుట్టు తీగే కాబట్టి దాని నుంచి గమకం ఎక్కువ ఆశించవద్దు. లాగేటప్పుడు ఉంగరపు వేలు స్వరం మీద పెట్టి, చూపుడు, మధ్య వేళ్లను వెనకాల ఆనించి మూడూ కలిపి నెట్టండి. వీణలో రెండు వేళ్లు జంటగా పెట్టే అలవాటు ఇక్కడ మీకు అక్కరకొస్తుంది.

గరగరకు కారణం బిగువు తగ్గడమే. మూడు తీగలు వదులైనప్పుడు మెడ కొద్దిగా వెనక్కి నిటారుగా అవుతుంది, తీగ ఫ్రెట్‌లకు దగ్గరవుతుంది. మెడ లోపలి ట్రస్ రాడ్‌ను, అంటే మెడ వంపును సరిచేసే కడ్డీని, పావు చుట్టు వదులు చేస్తే సరిపోవచ్చు. తెలిసినవారి చేత చేయించండి, ఒకేసారి ఎక్కువ తిప్పనివ్వవద్దు. అది కాకపోతే ఆరో తీగ ఒక్కటి లావుది, 56, వేయించి చూడండి. నట్ గాడిలో ఇరుక్కుంటే గాడిని సన్నని ఆకురాయితో కాస్త వెడల్పు చేయాలి, లోతు మాత్రం పెంచకూడదు.

తుప్పు సంగతి అడిగారు, పూత వేసిన తీగలు వస్తాయి, ధర ఎక్కువైనా సముద్రం పక్కన అవే లాభం. వాయించిన వెంటనే పొడి నూలు గుడ్డతో తీగ పైనా కిందా తుడిచి పెట్టెలో పెట్టండి, గోడకు తగిలించవద్దు.

మీరు ఏడు తీగలది కొనే రోజు వస్తే ఈ ఎఫ్310ను మళ్లీ మామూలు శ్రుతిలోకి తెచ్చి గుంటూరు మిత్రులు చెప్పిన ఐదు కార్డ్‌లకు వదిలేయండి. పాటలకు అది, రాగాలకు ఇది. కొనేటప్పుడు 32, 20 విడి తీగలు వెంట తీసుకెళ్లి దుకాణంలోనే వేయించి, పన్నెండో ఫ్రెట్ దగ్గర పైస్థాయి సరిగా పలుకుతోందో లేదో ఒక్కో తీగ మీద చూసుకోండి. తేడా ఉంటే బ్రిడ్జి మీద ఆ తీగ కింది శాడిల్‌ను ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. అది సరిచేసి ఇచ్చాకే డబ్బు కట్టండి.