లోటు తగ్గించాలంటే కోత ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: కేంద్ర ద్రవ్యలోటు (రాబడికి మించి చేసే ఖర్చు, అప్పుతో పూడ్చేది) 2020-21లో జీడీపీలో 9.2 శాతానికి చేరగా, 2025-26 బడ్జెట్‌లో దానిని 4.4 శాతంగా అంచనా వేశారు. ఓట్లు పోకుండా సబ్సిడీలలో కోత పెట్టడం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమేనా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు: డీజిల్ విషయంలో సాధ్యమైందండి. సబ్సిడీ భారం తగ్గేలా 2013 జనవరి నుంచి ధరను లీటరుకు నెలనెలా సుమారు 50 పైసల చొప్పున పెంచుకుంటూ వచ్చారు. ఒకేసారి ఐదారు రూపాయలు పెంచి ఉంటే బంద్‌లు తప్పేవి కావు గాని, అర్ధరూపాయి మీద పెద్ద ఉద్యమం నడపడం ఏ ప్రతిపక్షానికైనా కష్టమే. 2014లో ముడిచమురు ధర పడిపోవడంతో కొత్త ప్రభుత్వం అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణను పూర్తిగా ఎత్తివేసింది. మొదలుపెట్టింది ఒకరు, కాలం కలిసివచ్చింది మరొకరికి.

రెండో జవాబు: కోత లేకుండానే లోటును చిన్నదిగా చూపే దారి కూడా ఉంది. ఆహార సబ్సిడీ సొమ్మును పూర్తిగా విడుదల చేయకుండా, ధాన్యం సేకరించే భారత ఆహార సంస్థ చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు తీయించడం కొన్నేళ్లపాటు సాగింది; అప్పు ఆ సంస్థ ఖాతాలో ఉండటంతో కేంద్ర లోటులో కనిపించేది కాదు. ఆ బాకీని లెక్కలోకి తెచ్చినప్పుడు, కరోనా కాలపు ఉచిత బియ్యం ఖర్చు కూడా తోడై, 2020-21 ఆహార సబ్సిడీ సుమారు 1.15 లక్షల కోట్ల అంచనా నుంచి సవరించిన అంచనాలో 4.22 లక్షల కోట్లకు ఎగబాకింది. లోటు పెరిగినా, నా దృష్టిలో ఆ లెక్కే నిజాయితీ గలది.

ప్రశ్న అడిగినవారు: అయితే యూరియా సబ్సిడీకి ఆ నెలవారీ పద్ధతి పనికివస్తుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు: కష్టమండి. లారీ యజమాని పెరిగిన భారాన్ని కిరాయిలో కలుపుకోగలడు. రైతు తన ధాన్యానికి తానే ధర కట్టుకోలేడు.