గాడి పలకలతో పిల్లల మూడు చక్రాల బండి: మెడ ఊగుతాంది, గాడి చీలింది, ఏం చెయ్యల్ల?

ప్రశ్న (ప్రొద్దుటూరు)

రెండున్నరేండ్ల పిల్లోడు కూర్చోని కాళ్లతో తోసుకునే బండి. మేకులు, స్క్రూలు లేకుండా ప్లైవుడ్ పలకలు ఒకదాంట్లో ఒకటి దిగే మాదిరి గీసినా. అట్టతో నమూనా బాగా నిలబడింది. అదే కొలతలతో 12 మి.మీ. ప్లై కోస్తే ముందు మెడ (హ్యాండిల్ రాడ్ తిరిగే చోటు) ఊగుతాంది, వెనక అడ్డ పలక గాడి మూలలో సన్నగా చీలింది. మందం చాల్లేదా, గాడి తప్పా? పెడళ్లు పెట్టచ్చా?

ఉలి సుత్తి (కర్నూలు)

రెండూ తప్పే తమ్ముడూ. 12 మి.మీ. చక్రాలకు ఉంచుకో, ఒంటికి 18 మి.మీ. వాడు. కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉండే మెరైన్ ప్లై అడుగు, అది లేదంటే ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లను తట్టుకునే రకం). వానకు తడుస్తాదని కాదు, పొరల మధ్య జిగురు గట్టిగా ఉంటాదని. షీటు నిలబెట్టి అంచు చూడు. పొరల మధ్య పెన్ను మొన దూరేంత సందు కనపడితే ఆ షీటు వద్దు. గాడి గోడ ఆ సందు మీద పడిందంటే ఎంత ఫెవికాల్ పోసినా పట్టు దొరకదు.

ఇంగ చీలిన సంగతి. అడ్డ పలక రెండు కొసలూ చక్రాల పక్క ఆనుతాయి, బరువు నడిమిట్లో పడుతుంది. అంటే పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది. నువ్వు ఆ పలకకు గాడి కింది నుంచి కోసింటావు. పిల్లోడు కూచున్నప్పుడల్లా అది నోరు తెరుస్తాది. అడ్డ పలకకు గాడి పైనుంచి కొయ్యల్ల, పొడుగు పలకకు, అంటే బండి వెన్నుకు, కింది నుంచి. అప్పుడు వెన్ను పైనుంచి దిగి గుర్రం ఎక్కినట్టు అడ్డ పలక మీద కూచుంటాది. పలకలు 20 సెం.మీ. ఎత్తు అయితే ఒక్కోదానికి 10 సెం.మీ. లోతు గాడి. పై పొర నార పలక పొడుగు వెంబడే పోవల్ల, అడ్డంగా కొయ్యద్దు.

రౌటర్ బిట్టు (అనంతపురం)

అన్న చెప్పింది కరెక్టు. ఒక్కటి కలుపుతా. 18 మి.మీ. అని అమ్మే ప్లై 18 ఉండదు. వెర్నియర్‌తో ఐదు చోట్ల కొలవండి, ఒకే షీటులో కూడా 17.3, 17.6, 17.9 అని రకరకాలుగా వస్తుంది. గాడి వెడల్పు ఆ కొలిచిన మందం కంటే 0.2 మి.మీ. ఎక్కువ ఉంటే చాలు. అసలు పలక ముట్టే ముందు ఒక తుక్కు ముక్క మీద 17.4, 17.6, 17.8, 18.0, 18.2 అని ఐదు గాడులు కోసి, ఏది చేత్తో నొక్కితే దిగి, తలకిందులు చేసినా జారకుండా నిలుస్తుందో అదే మీ కొలత.

సుత్తితో కొడితేనే దిగేంత బిగువు మంచిది కాదు. దిగేటప్పుడు గాడి అంచు జిగురునంతా గీకేస్తుంది, పై పొర లేచిపోతుంది. బయటికి బిగువుగానే కనపడుతుంది, లోపల మాత్రం పొడి. అర మి.మీ. వదులైతే ఇంకో తిప్పలు: తెల్ల జిగురు సందులు నింపదు. రంపపు పొట్టు కలిపి కూరడం చూపుకు సరే, బలానికి సున్నా. అట్లాంటి చోట అరాల్డైట్ లాంటి రెండు గొట్టాల ఎపాక్సీ వాడండి.

సీఎన్‌సీలో (కంప్యూటరు నడిపే కోత యంత్రంలో) కోయించేవాళ్లకు: 6 మి.మీ. బిట్టు లోపలి మూలను ఎప్పుడూ గుండ్రంగానే వదులుతుంది, 3 మి.మీ. వ్యాసార్ధంతో. చదరపు పలక ఆ గుండ్రంలోకి దిగదు. డ్రాయింగులోనే ప్రతి లోపలి మూలకూ బిట్టు కాస్త బయటికి పోయి వచ్చేలా చిన్న గుండ్రం గీయించుకోండి.

ప్రశ్న అడిగినాయన

సీఎన్‌సీ లేదన్నా, జిగ్‌సా ఉంది. మెడ సంగతి చెప్పల్యా. కొలతలు కూడా ఎవరైనా చెప్తే మేలు.

ఉలి సుత్తి (కర్నూలు)

జిగ్‌సా చాలు. గాడి అడుగున 6 మి.మీ. బరమాతో రెండు మూలల్లో బెజ్జాలు వెయ్, గీతకు లోపల అర మి.మీ. వదిలి కొయ్, మిగిలింది ఉలి, ఆకురాయితో తియ్. జిగ్‌సా బ్లేడు మందమైన పలకలో పక్కకు వంగుతుంది, కాబట్టి కోసినాక రెండు వైపులా మూలమట్టం పెట్టి చూడు. పైన సరిగ్గా ఉండి కింద 1 మి.మీ. వంకర పోయింటే బండి వంకరగా నిలబడుతుంది.

కొలతలు. ముందు పిల్లోని కాలు కొలువు: చెప్పులు లేకుండా నిలబెట్టి గజ్జల నుంచి నేల వరకు. అందులో 3 సెం.మీ. తీసేస్తే సీటు ఎత్తు. నేను 27 అనుకొని చెప్తున్నా, మీవాని కాలును బట్టి మార్చుకో. వెనక చక్రాలు 16 సెం.మీ., ముందుది 20. ముందు ఇరుసు, వెనక ఇరుసు మధ్య 42. అడ్డ పలక మొత్తం వెడల్పు 33, ఎత్తు 20. దాని రెండు కొసల్లో నాలుకలు (ఇంకో పలక బెజ్జంలోకి దిగే మొనలు) కోసి, వాటికి 12×16 సెం.మీ. చెవి పలకలు తొడుగు, నాలుక చెవి బయటి ముఖంతో సమానం కావల్ల. అంటే నాలుకలు పోను అడ్డ పలక 29.4 సెం.మీ. అడ్డ పలకకు 3 సెం.మీ. ముందుగా ఇరుసు పోతుంది, రెండు చెవుల్లోనూ, నడుమ వెన్ను పలకలోనూ. మూడు చోట్ల ఆధారం ఉంటే 12 మి.మీ. బ్రైట్ రాడ్ వంగదు. రాడ్ పొడుగు 42 సెం.మీ., రెండు కొసలా మర, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానిది). ఎడ్ల బండికి కడశీల ఎంతో దీనికి ఈ నట్టు అంత. మామూలు నట్టు పెడితే చక్రం తిరిగి తిరిగి ఒక పక్కది విప్పుకుంటుంది.

సీటు 32×18, ముందుకు వచ్చేకొద్దీ 9 సెం.మీ.కు సన్నబడల్ల, లేకుంటే తొడలు ఒరుసుకుంటాయి. వెన్నుకు 46×30 ముక్క. 18 మి.మీ.లో 4×2 అడుగుల పావు షీటు, 12 మి.మీ.లో 2×2 అడుగుల ముక్క: అన్నీ వీట్లోనే వస్తాయి.

మెడ ఊగేది ఎందుకంటే స్టీరింగు రాడ్ ఒకే పలక బెజ్జంలో తిరుగుతాంటాది. రెండు మెడ పలకలు కావల్ల, పైన ఒకటి కింద ఒకటి, 9 సెం.మీ. ఎడంగా, వెన్ను నాలుకలు రెండింట్లోకీ దిగి. బెజ్జం అంచు నుంచి పలక అంచుకు 3 సెం.మీ. తగ్గద్దు. 16 మి.మీ. రాడ్‌కు కింద 3 మి.మీ. రేకు వెల్డింగ్ చేయించి, దాన్ని ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునేది) పై పలకకు నాలుగు బోల్టులతో బిగించు. బెజ్జాల్లో నైలాన్ బుష్‌లు (రాడ్ తిరిగే గొట్టం ముక్కలు) వెయ్. చెక్క మీద ఇనుము నేరుగా తిరిగితే రెండు నెలల్లో బెజ్జం కోడిగుడ్డు ఆకారం అవుతాది. స్క్రూ, బోల్టు లేకుండా బండంతా చెయ్యల్లనే పట్టుదల ఈ ఒక్క చోట వదులుకో.

వెన్ను ముందు భాగం చక్రం మీదుగా ఎక్కే చోట మలుపు 5 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండల్ల. అక్కడ మూల కట్ చేస్తే చీలిక అక్కడే మొదలు.

లేత్ పని (అనంతపురం)

మెడను వెనక్కి 12 డిగ్రీలు వాల్చండి. రాడ్ గీతను నేల వరకు పొడిగిస్తే చక్రం నేలను తాకే చోటు దానికి 2 సెం.మీ. వెనక పడుతుంది, హ్యాండిల్ దానంతట అదే నేరుగా వస్తుంది. హ్యాండిల్ అటు ఇటు 40 డిగ్రీలు దాటకుండా అడ్డు పెట్టండి, చక్రం అడ్డం తిరిగితే పిల్లోడు ముందుకు పడతాడు.

చక్రాలు 12 మి.మీ. పలకలు రెండు, ఒకదాని నార ఇంకోదానికి ఏటవాలుగా తిప్పి అంటించండి. 6201 బేరింగు: లోపల 12, బయట 32, మందం 10. చక్రానికి రెండు, ఒక్కో వైపు నుంచి ఒకటి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది: రెండు బేరింగుల లోపలి రింగుల మధ్య ఒక గొట్టం ముక్క పడాలి. చక్రం సరిగ్గా 24 మి.మీ. ఉంటే 4 మి.మీ. ముక్క, 23 వస్తే 3. ఇది వెయ్యకుండా నట్టు బిగిస్తే బేరింగులు లోపలికి నొక్కుకొని చక్రం గట్టిపడుతుంది. అప్పుడు నట్టు వదులు చేస్తారు, చక్రం ఊగుతుంది. తప్పు నట్టుది కాదు, లేని ముక్కది.

పెడళ్లు వద్దు. తొక్కే బలమంతా ప్లై నడిమి బెజ్జం మీద పడుతుంది. ఇరుసును చక్రానికి ఇనుప రేకుతో, నాలుగు బోల్టులతో పట్టించాలి, అప్పుడు ముందు బేరింగులు చక్రంలో కాదు ఫోర్కులో ఉండాలి. అది వేరే బండి. రెండున్నరేండ్లకు కాళ్లతో తోసేదే నయం.

బండపరుపు (కడప)

బండి బోల్తా సంగతి ఎవురూ చెప్పలేదే. మూడు చక్రాలది కాబట్టి పక్కకు పడే గీత ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఏటవాలుగా పోతుంది. బరువు వెనక ఇరుసుకు 12 సెం.మీ. ముందు పడితే ఆ గీత నుంచి దాదాపు 12 సెం.మీ. లోపల ఉంటాడు. సీటును ఇంకా ముందుకు జరిపి 20 చేస్తే 9 కూడా ఉండదు. మరీ వెనక్కి, ఇరుసు మీదికే జరిపితే వెనక్కి ఒరుగుతాడు. కాబట్టి 10 నుంచి 12 మధ్యే.

నున్నటి కడప బండల మీద ఒట్టి చెక్క చక్రం జారుతుంది, శబ్దమూ ఎక్కువే. బేతంచర్ల బండ పరిచిన ఇండ్లల్లో అతుకుల సందుల్లో సన్న చక్రం దిగుతుంది, 24 మి.మీ. వెడల్పు మేలు. పాత సైకిల్ ట్యూబు చుట్టుకొలత కంటే ఒక ఐదో వంతు తక్కువ కోసి, సాగదీసి, రెండు పక్కలా రబ్బరు జిగురు పూసి, ఆరినాక అంటించండి. కొసలు ఎదురెదురుగా కాకుండా ఏటవాలుగా కోసి కలపండి. మెట్లున్న వరండాలో, వాలు వీధిలో మాత్రం వదలద్దు, దీనికి బ్రేకు లేదు.

ఉలి సుత్తి (కర్నూలు)

బాగా చెప్పినావక్కా. బిగించినాక 24 గంటలు క్లాంపుల్లో వదులు. ఎండాకాలం మధ్యాన్నం జిగురు పని పెట్టుకోవద్దు, పలక దిగకముందే పొర కడుతుంది, పొద్దున్నే చెయ్. ఆరినాక సీటు మీద 50 కిలోల సిమెంటు బస్తా అర్ధగంట పెట్టి, గాడుల దగ్గర టార్చి వేసి చూడు. పిల్లోడు 13 కిలోలే, కానీ వాళ్ల అన్న ఎక్కి నిలబడకుండా ఉండడు. అంచులన్నీ గుండ్రం చేసి 80, 120, 220 నంబరు పేపరు వరుసగా. రంగు వేస్తే డబ్బా మీద సీసం 90 పీపీఎం లోపలని ఉండేదే, పాత డబ్బాల్లో మిగిలింది వద్దు. హ్యాండిల్ పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, దానికి రంగే వద్దు.

ప్రశ్న అడిగినాయన

ఇట్లాంటివి నాలుగు చేసి అమ్మచ్చా?

రౌటర్ బిట్టు (అనంతపురం)

2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఎక్కి తోసే బండ్లు కూడా అందులోకే వస్తాయి. ఇంట్లోకి చేసుకునేదానికి అక్కర్లేదు.

ప్రశ్న అడిగినాయన

సరేన్నా. చక్రాలకు ట్యూబు రబ్బరు వేస్తే బండి ఎత్తు పెరుగుతాది గదా, సీటు తగ్గించల్నా?

లేత్ పని (అనంతపురం)

రబ్బరు మందం ఎంతో అంతే, 2 మి.మీ. బండి అయ్యే లోపల మీవాడు అంతకంటే ఎక్కువే పెరుగుతాడు. వదిలెయ్.