నడక నడిపించనివారికి క్లబ్బులో సభ్యత్వం ఉండాలా?

వెంట్వర్త్‌విల్ వాసి:

సిడ్నీ పశ్చిమ శివార్లలో మాది ఒక చిన్న బుష్‌వాకింగ్ క్లబ్బు, అంటే అడవి దారుల్లో కలిసి నడిచేవారి క్లబ్బు. మన తెలుగు కుటుంబాలు కూడా కొన్ని అందులో చేరాయి. వచ్చే నెల వార్షిక సమావేశంలో ఒక తీర్మానం ఓటుకు రాబోతోంది: ప్రతి సభ్యుడూ ఏడాదికి ఒక్క నడకైనా స్వయంగా నడిపించాలి; నడిపించనివారికి మరుసటి ఏడాది సభ్యత్వం ఇవ్వకూడదు. నేను దీనికి అనుకూలంగా ఓటు వేయబోతున్నాను. ఎందుకో చెబుతాను, నా ఆలోచనలో తప్పుంటే సరిదిద్దండి.

మూడు నెలలకొకసారి వచ్చే నడకల పట్టిక తీసి చూడండి. సగానికి పైగా నడకల పక్కన అవే నాలుగు పేర్లు. నలుగురూ డెబ్బైకి దగ్గరపడినవారు. ఒకరికి మోకాలి ఆపరేషన్ జరిగితే ఈ చలికాలంలో మూడు నడకలు రద్దయ్యాయి. మనం ఆదివారం పొద్దున వస్తాం, నడుస్తాం, ఫోటోలు తీసుకుంటాం, చాలా బాగుందని చెప్పి కారెక్కుతాం. దాని వెనక ఎంత పని ఉందో నాకు పోయిన నెలలోనే తెలిసింది.

బ్లూ మౌంటెన్స్ కొండల్లో బ్లాక్‌హీత్ దగ్గర నడక ముగిశాక మా అబ్బాయి టోపీ మరచిపోయాడని వెనక్కి వెళ్లాను. అందరూ వెళ్లిపోయి పావుగంట దాటింది. లీడర్ గారు ఒక్కరే తన కారు పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో అట్ట, దానిమీద పేర్ల కాగితం. వానకు తడిసి అంచులు ఉబ్బాయి. ప్రతి పేరు ఎదురుగా పెన్సిల్‌తో రెండు గీతలు: బయలుదేరినప్పుడు ఒకటి, తిరిగి వచ్చినప్పుడు ఒకటి. ఒక పేరుకు మాత్రం ఒకటే గీత ఉంది. ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కు నడిచి వెళ్లి రైలెక్కేశాడు. ఫోను కలిసి, అతను రైల్లో క్షేమంగా ఉన్నాడని తెలిసేదాకా ఆయన అక్కడినుంచి కదల్లేదు. రెండో గీత గీసి, అట్ట సీటు మీద పెట్టి, అప్పుడు బూట్లు విప్పుకున్నారు.

అంతకుముందు వారమే ఆయన ఆ దారంతా ఒకసారి నడిచి చూసివచ్చారు. పార్కు వారు ఏ దారైనా మూశారా, నిప్పు నిషేధం ఉందా, వాన సూచన ఏమిటి అన్నీ చూశారు. కొత్తవారికి ఫోను చేసి బూట్ల గురించి, నీళ్ల గురించి అడిగారు. ఆయనకు దీనికి ఎవరూ ఒక్క డాలరు ఇవ్వరు. ఏళ్ల తరబడి తీసుకుంటూనే ఉండి ఒక్కసారీ ఇవ్వకపోవడం నాకు న్యాయంగా తోచడం లేదు.

దిక్సూచి:

మీ ఆవేదన నాకు అర్థమవుతోంది. పదకొండేళ్లుగా నడకలు నడిపిస్తున్నాను, అలిసిపోయిన నలుగురిలో నన్నూ ఒకడిగా లెక్కించండి. అయినా ఈ తీర్మానానికి వ్యతిరేకంగానే ఓటు వేస్తాను. బలవంతం మీద లీడర్ అయిన మనిషి వెంట నేను బ్లూ మౌంటెన్స్‌లోని గ్రోస్ లోయలో ఒకసారి నడిచాను.

అది పెర్రీస్ లుక్‌డౌన్ నుంచి బ్లూ గమ్ అడవికి దిగే దారి. రెండు కిలోమీటర్లు కూడా లేని దూరంలో సుమారు 600 మీటర్లు దిగాలి, తిరిగి అంతా ఎక్కాలి. మనవాళ్లు చాలామంది అలిపిరి మెట్లెక్కినవారే కాబట్టి ఎక్కడం మాకు కొత్త కాదంటారు. తిరుమలలో ఎక్కడం ముందు వస్తుంది. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు ఎక్కుతాం, చేతకాకపోతే వెనక్కి దిగిపోవచ్చు. ఇక్కడ దిగడం ముందు. పొద్దున హాయిగా దిగుతాం, మధ్యాహ్నం కాళ్లు అరిగాక అసలు పరీక్ష మొదలవుతుంది. అప్పుడు వెనక్కి తిరగడానికి దారి లేదు, పైకే వెళ్లాలి.

ఆ రోజు లీడర్‌గా ఉన్నాయన మంచివాడు. కమిటీవారు మరీ మరీ అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆ ప్రకారం గంటన్నరలో పైకి చేరాలి. మాకు మూడు గంటలు పట్టింది. ఒకాయనకు తొడ కండరం పట్టేసింది, నలుగురు ఆయన దగ్గర ఆగారు. లీడర్ ముందు పోతూనే ఉన్నాడు, గుంపు మూడు ముక్కలైందని ఆయనకు తెలియదు. చీకటి పడింది. మా ముక్కలో ఏడుగురికి రెండు టార్చిలు. పైకి చేరాక ఆయన ముఖం చూశాను. అవమానంతో, భయంతో వణికిపోతున్నాడు. మళ్లీ క్లబ్బుకు రాలేదు.

నాకు ఆయన మీద కోపం లేదు. సిద్ధంగా లేనని ఆయన చెబుతూనే ఉన్నాడు, మేమే వినలేదు. మీ తీర్మానం నెగ్గితే అలాంటివారిని ఏటా తయారుచేస్తాం.

పరమటా నది:

నేను నర్సును, నెలలో సగం రాత్రి డ్యూటీలు. ఇద్దరు పిల్లలు. నెలకొక ఆదివారం అడవిలో గడిపితే తక్కిన రోజులు తట్టుకోగలుగుతున్నాను. ముందువారం వెళ్లి దారి చూసి రావడానికి ఇంకో ఆదివారం నా దగ్గర లేదు. ఈ నియమం వస్తే నాలాంటివాళ్లం మొదట బయటకు పోతాం. మిగిలేది ఖాళీ సమయం ఉన్నవారే.

ఇవ్వడమంటే ముందు నడవడం ఒక్కటేనా? ప్రథమ చికిత్స సంచిలో ఏముందో పోయిన వేసవిలో విప్పి చూశాను. పాముకాటుకు కట్టే వెడల్పాటి సాగే పట్టీ ఒకటే ఉంది. కాలంతా చుట్టాలంటే అది చాలదు. మూడు కొని పెట్టాను. కాటు చోటునుంచి మొదలుపెట్టి మొత్తం కాలికి బిగువుగా చుట్టి, కాలు కదలకుండా కట్టెతో కట్టి, మనిషిని నడిపించకుండా పడుకోబెట్టాలని పదిమందికి చేసి చూపించాను. ఇది లెక్కలోకి రాదా?

ఎర్రమట్టి:

నేను పెద్దగా రాయను, చదువుతుంటాను. ఒక మాట చెప్పాలనిపించింది. నాకు దారులు తెలుసు, మ్యాపు చూడటం వచ్చు, సమయమూ ఉంది. ఇరవైమంది ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలంటే గొంతు పెగలదు. ఎవరైనా కింద పడి దెబ్బ తగిలితే నామీద కేసు వేస్తారేమో, ఇల్లు పోతుందేమోనని ఇంకో భయం. మా ఆవిడ కూడా అదే అంటుంది. అందుకే చేయి ఎత్తలేదు. బద్ధకం కాదు.

పాత బూట్లు:

ఎర్రమట్టి గారూ, మీరు ధైర్యంగా చెప్పారు. ముందు కేసు సంగతి. న్యూ సౌత్ వేల్స్‌లో 2002 నాటి పౌర బాధ్యత చట్టంలో స్వచ్ఛంద సేవకులకని ఒక భాగమే ఉంది. సంస్థ తరఫున సద్బుద్ధితో సేవ చేసినవారి మీద వ్యక్తిగతంగా బాధ్యత పడదని దాని సారం. మద్యం తాగి చేసినా, సంస్థ వద్దన్న పని చేసినా ఆ రక్షణ ఉండదు. అందుకే క్లబ్బు పట్టికలో ఉన్న నడకనే, కమిటీ ఆమోదించిన తీరులోనే నడిపించమంటారు. క్లబ్బుకు బీమా ఉంది, ప్రతివారూ ప్రమాదం తెలిసే వస్తున్నామని సంతకం చేస్తారు. ఆ పత్రాలు చూపించమని కమిటీని అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఇక తీర్మానం. నేను అనుకూలమే. క్లబ్బు అంటే టూర్ కంపెనీ కాదు. మనం కట్టే రుసుము బీమాకు, నడక క్లబ్బుల సమాఖ్య చందాకు, ఉత్తరప్రత్యుత్తరాలకు పోతుంది; లీడర్‌ను కొనడానికి కాదు. దిక్సూచి గారు బ్లూ గమ్ అడవి పేరెత్తారు కాబట్టి దాని కథ చెబుతాను. 1931 ఈస్టర్ సెలవుల్లో నడకకు వెళ్లినవారికి అక్కడ ఒక రైతు కనిపించాడు. ఆ నేల లీజు అతనిది. ఆ గమ్ (యూకలిప్టస్) చెట్లు నరికి వాల్‌నట్ తోట వేస్తానన్నాడు. సిడ్నీ బుష్ వాకర్స్ క్లబ్బు పుట్టి అప్పటికి నాలుగేళ్లే. ఊళ్లో మాంద్యం, ఉద్యోగాలు లేవు. అయినా క్లబ్బులవాళ్లు బేరమాడి, చందాలు పోగుచేసి, అప్పు తెచ్చి 130 పౌండ్లు కట్టి ఆ లీజు వదిలించారు. 1932లో ఆ చోటు రక్షిత అడవి అయింది. ఈ రోజు మనం కూర్చుని పులిహోర తినే నీడ అదే. అప్పుడు వారిలో ప్రతివాడూ నాకేం పని అనుకుని ఉంటే ఆ చెట్లు ఉండేవి కావు.

దిక్సూచి:

పాత బూట్లు గారూ, ఆ కథ నాకూ ప్రాణం. అయితే వాళ్లలో ఎవరినీ నియమం పెట్టి చందా ఇప్పించలేదు. ఇష్టంతో ఇచ్చారు. నేను అడుగుతున్నదీ అదే.

పరమటా నది గారు చేసిన పని లెక్కలోకి రావాలి, సందేహం లేదు. వెనక నడిచే మనిషి పని కూడా రావాలి. గుంపులో చివర ఉండి, ఎవరూ తనకు వెనక మిగలకుండా చూసే మనిషి లేకపోతే లీడర్ గుడ్డివాడితో సమానం. ఆ రోజు లోయలో మాకు లేనిది అదే. చిన్న గుంపైనా కనీసం నలుగురు ఉండాలని ఎందుకంటారో తెలుసు కదా: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు సాయానికి వెళ్లాలి.

ఎర్రమట్టి గారూ, ఉపన్యాసం ఎవరూ అడగరు. బయలుదేరే ముందు నేను చెప్పేవి అయిదే మాటలు: ఎంత దూరం, ఎన్నింటికి తిరిగి వస్తాం, ఎవరి దగ్గర ఎన్ని నీళ్లున్నాయి, చివర నడిచేది ఎవరు, దారి చీలిన చోట అందరూ చేరేదాకా ఎవరూ ముందుకు పోకూడదు. కాగితం మీద రాసుకుని చదవండి. నేను మూడేళ్లు చదివాను.

భాషకన్నా ముఖ్యమైనది ఎక్కడ ఉన్నామో తెలియడం. 2006 డిసెంబరులో బ్లూ మౌంటెన్స్‌లోని మౌంట్ సాలిటరీ దారిలో నీళ్లయిపోయి పదిహేడేళ్ల విద్యార్థి ఒకడు చనిపోయాడు. అతడు అత్యవసర సేవల నంబరు 000కు మళ్లీ మళ్లీ ఫోను చేస్తే వీధి పేరు చెప్పమని అడిగారు. అడవిలో వీధి ఎక్కడుంటుంది? అందుకే బీకన్ లేకుండా, అంటే ఆపదలో సంకేతం పంపే చిన్న పరికరం లేకుండా నేను కదలను. బ్లూ మౌంటెన్స్‌లో పార్కువారి దగ్గర, పోలీసు స్టేషన్లలో దాన్ని ఉచితంగా అరువిస్తారు. బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా మన చోటు తెలుస్తుంది, ఏ భాషా అక్కర్లేదు.

వెంట్వర్త్‌విల్ వాసి:

అందరివీ రెండుసార్లు చదివాను. ఎర్రమట్టి గారి మాట నన్ను ఆపింది. ముందుకు రానివారంతా బాధ్యత తప్పించుకుంటున్నారనే అనుకుంటూ వచ్చాను. మా పక్క కాలనీలోనే ఉంటూ, దారులు తెలిసి, ఇన్నాళ్లు భయంతో వెనక ఉన్న మనిషి ఉన్నారని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు కూడా.

అయినా దిక్సూచి గారూ, ఇష్టంతో ఇవ్వాలని అంటూ కూర్చుంటే పట్టికలో ఖాళీలు నిండవు. మీరు పదకొండేళ్లుగా ఇష్టంతో ఇస్తున్నారు, మేం పదకొండేళ్లుగా ఇష్టంతో తీసుకుంటున్నాం. తీర్మానానికి సవరణ పంపుతున్నాను: ఏడాదికి ఒక్క బాధ్యత తప్పనిసరి. అది నడిపించడం కావచ్చు, చివర నడవడం కావచ్చు, మందుల సంచి, పేర్ల కాగితం, కొత్తవారికి ఫోన్లు ఏదైనా కావచ్చు. రెండుసార్లు చివర నడిచినవారినే లీడర్‌గా ఒప్పుకోవాలి. తప్పనిసరి అన్న మాట మాత్రం తీయను.

పరమటా నది:

సవరణకు నా ఓటు ఉంటుంది. రాత్రి డ్యూటీ వారంలో నన్ను పిలవకపోతే చాలు.

దిక్సూచి:

నేను ఇప్పటికీ ఆ మాటకు వ్యతిరేకమే, సమావేశంలో అదే చెబుతాను. బలవంతంగా మందుల సంచి మోసేవాడు దాన్ని విప్పి చూడడు. పరమటా నది గారు చూశారంటే ఆమెకు మనసుంది కాబట్టి.

ఓటు ఎటు పోయినా ఒక పని ఇప్పుడే చేద్దాం. సెప్టెంబరులో మూడో ఆదివారం పట్టికలో ఖాళీగా ఉంది. ఎర్రమట్టి గారూ, రాయల్ నేషనల్ పార్కులో బండీనా నుంచి మార్లీ బీచ్ దాకా వెళ్లి అదే దారిన తిరిగి వచ్చే నడక మీరు నడిపించండి. దారి స్పష్టంగా ఉంటుంది, వెళ్లిన దారే కాబట్టి తిరుగుదల తెలిసినదే. క్రొనల్లా నుంచి ఫెర్రీలో వెళ్లొచ్చు, కార్ల గొడవ లేదు. నేను చివర నడుస్తాను. మీ మాటకు అడ్డురాను.

ఎర్రమట్టి:

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. సరే. వచ్చే ఆదివారం ఒకసారి వెళ్లి దారి చూసి వస్తాను. వెంట్వర్త్‌విల్ వాసి గారూ, మీ అబ్బాయిని తీసుకుని మీరూ వస్తారా? అయిదు మాటలూ కాగితం మీద రాశాను, దారిలో మీకు చదివి వినిపిస్తాను.

వెంట్వర్త్‌విల్ వాసి:

వస్తాం. పేర్ల కాగితం, పెన్సిల్ నేను తెస్తాను.

దిక్సూచి:

మీ కాగితంలో ఆరో మాట చేర్చండి: మార్లీ దగ్గర ఎవరూ ఈతకు దిగకూడదు, అక్కడ అలలు లాగేస్తాయి. సాయంత్రం చివరి ఫెర్రీ ఎన్నింటికో ఆ వారమే చూసుకోండి.