న్యూజెర్సీలో మొదటి ఫాల్ (ఆకులు రాలే కాలం): పెరట్లో ముందు ఏ పని చూసుకోవాలి?

అన్నలూ, అక్కలూ, నమస్తే. మేలో హైదరాబాద్ నుంచి ఎడిసన్ వచ్చాం. అద్దె ఇల్లే కానీ వెనకాల పెరడుంది. టమాటా, గోంగూర, చిక్కుడు పాదు, కుండీలో కరివేపాకు ఉన్నాయి. ఎండాకాలమంతా ఆకులేసి ఊరుకున్న చిక్కుడు ఇప్పుడే పూతకొచ్చింది, ఇంతలో చలి వచ్చేస్తోందంటున్నారు. రాలిన ఆకులు ఊడవాలట, లాన్‌కి ఎరువేయాలట. దేనితో మొదలుపెట్టాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

---

తమ్ముడూ, లాన్ సంగతి తర్వాత, ముందు కరివేపాకు చూడు. తారీఖులు పట్టించుకోకు, రాత్రి టెంపరేచర్ ఎంతో చూసుకో. 50 ఫారెన్‌హీట్ కిందికి దిగుతుందంటే కుండీ ఇంట్లోకి రావాల్సిందే. తెచ్చే ముందు ఆకులు తిప్పి చూడు, ఆకు ఈనెల వెంబడి గోధుమరంగు పొక్కుల్లా అంటుకుని, గోటితో గీకితే ఊడొచ్చేవి ఉంటే అవి స్కేల్ పురుగులు. ఆకుల అడుగున పైపుతో నీళ్లు కొట్టి, వేపనూనెలో కాస్త లిక్విడ్ సోపు, నీళ్లు కలిపి స్ప్రే చేశాకే లోపలికి తే, లేకపోతే ఇంటి వెచ్చదనానికి అవి ఇంకా పెరుగుతాయి. దక్షిణం కిటికీ దగ్గర, హీటర్ గాలి తగలని చోట పెట్టు. కొన్ని ఆకులు పసుపెక్కి రాలతాయి, అందరికీ రాలతాయి, అది చూసి కంగారుపడి నీళ్లు పోయకు. వేలు గుచ్చితే పైమట్టి పొడిగా తగిలినప్పుడే పోయాలి. నన్నడిగితే ఇక్కడ చలికి పోయిన కరివేపాకుల కంటే జనవరిలో నీళ్లెక్కువై వేరు కుళ్లి పోయినవే ఎక్కువ. పోతే అమ్మ సూట్‌కేసులో ఇంకోటి తెస్తుందిలే అనుకోకు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. నిమ్మ, నారింజ చెట్లకి జబ్బు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే అంత గట్టిగా ఉంటారు.

చిక్కుడు ఆలస్యంగా పూయడం నీ తప్పు కాదు. పగలు తగ్గితేనే పూసే రకం అది, జూన్‌లో ఇక్కడ పగలే 15 గంటలుంటుంది మరి. ఇక్కడ ఫ్రాస్ట్, అంటే మొక్కల్ని మాడ్చేసే గడ్డకట్టే మంచు, మామూలుగా అక్టోబరు మధ్య నుంచి ఎప్పుడైనా పడొచ్చు. ఆ రాత్రి పాత దుప్పటి కప్పు, అంచులు నేల దాకా దిగాలి, ఎందుకంటే వెచ్చదనం వచ్చేది నేలలోంచే. పొద్దున్నే తీసెయ్. ఒకటి రెండు రాత్రులు అలా గట్టెక్కిస్తే మళ్లీ నాలుగు రోజులు ఎండ కాస్తుంది, కూరకి సరిపడా కాయలొస్తాయి.

గోంగూరని కాపాడలేవు. ఫ్రాస్ట్ పడే ముందు రోజే మొత్తం కోసేసి నిల్వ పచ్చడి పెట్టుకో. టమాటాల్లో రంగు తిరుగుతున్నవి కాగితం సంచిలో ఒక అరటిపండు వేసి ఉంచితే పండుతాయి, గట్టి పచ్చివి పచ్చిమిర్చితో పచ్చడికి బ్రహ్మాండం.

లాన్‌కి ఎరువు వేస్తే నవంబరు 15 లోపే వేసెయ్, ఆ తర్వాత మార్చి 1 దాకా ఇక్కడ చట్టం ఒప్పుకోదు. ఆకులు మీ టౌన్‌షిప్ వాళ్లు తీసుకెళ్లే పద్ధతి ఏంటో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకో, ఊరికో రూలు.

---

అక్క అంతా చెప్పారు, రెండు కలుపుతా. ఆ ఆకులన్నీ పారేయకండి. గోంగూర పీకేసిన మడిలో అక్టోబరు చివర్లో వెల్లుల్లి రెబ్బలు మొన పైకి ఉండేలా 2 అంగుళాల లోతున, అరడుగు ఎడంగా నాటి పైన ఆ ఆకులే నలిపి కప్పండి, జూలైకి గడ్డలొస్తాయి. కొట్లో వంటకి కొన్నది మొలవకపోవచ్చు, విత్తనానికి అమ్మేదే కొనండి.

రెండోది, బయటి కుళాయికి తగిలించిన పైపు తప్పకుండా విప్పేయండి. పైపులో నిలిచిన నీళ్లు గడ్డకడితే గోడలోపల గొట్టం పగులుతుంది, మంచు కరిగాక బేస్‌మెంట్ తడిసేదాకా తెలియదు. లోపల ఆ కుళాయికి వాల్వ్ ఉంటే కట్టేసి, బయట కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు కారిపోనివ్వండి. అద్దె ఇల్లంటున్నారు కాబట్టి వాల్వ్ ఎక్కడుందో ఈ వారమే ఓనర్‌ని అడగండి.