బ్రిజిడ్ శిలువ గుమ్మానికి కట్టొచ్చా?

గోదారి_గాల్వే
మా పాప ఇవాళ స్కూల్ నుంచి గడ్డితో అల్లిన శిలువ ఒకటి తెచ్చింది. నడుమ చదరం, నాలుగు వైపులా నాలుగు చేతులు, చివర్లు దారంతో బిగించి ఉన్నాయి. ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ రోజు కదా, ఐర్లండ్‌లో ఆ వారం స్కూళ్లలో పిల్లల చేత ఇవి చేయిస్తారు. గుమ్మం మీద కడితే ఇంటికి నిప్పు భయం ఉండదని టీచర్ చెప్పిందట. కట్టాల్సిందేనని పాప ఒకటే గొడవ.
మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. చూడగానే "స్వస్తికం భలే చేశావే" అన్నారు. శిలువ అని తెలిశాక "గుమ్మానికి వద్దులే తల్లీ, నీ గదిలో పెట్టుకో" అంటున్నారు. ఇంతకీ ఇది మతానిదా, సంస్కృతిదా?

శాస్త్రోక్తం
నిశ్చింతగా కట్టుకోండమ్మా. బ్రిజిడ్ అసలు క్రైస్తవానికి ముందున్న దేవత. కవులు కొలిచేవారు. ఆమె ఇద్దరు అక్కచెల్లెళ్ల పేరూ అదే, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరానికి. ఫిబ్రవరి 1 వాళ్లకు ఇంబోల్క్, వసంతం మొదలయ్యే రోజు. బ్రిజిడ్ అంటే ఉన్నతమైనది అని అర్థం. సంస్కృతంలో 'బృహతీ' కూడా అదే మూలం నుంచి వచ్చింది. పాప చేసింది స్వస్తికమే. మీ అత్తగారి కన్ను మొదటే సరిగ్గా పట్టింది.

ఫిరంగిపురం_కృప
శాస్త్రోక్తం గారూ, కిల్డేర్‌లో మఠం పెట్టిన పునీత బ్రిజిడ్‌ను ఒక్క పేరాలో మాయం చేశారు! ఆరో శతాబ్దం మొదట్లో కన్నుమూసిందని చెబుతారు. ప్రాణం పోతున్న ఓ దొర పక్కన కూర్చుని, నేల మీద పరిచిన గడ్డే తీసి సిలువ అల్లుతూ అతనికి క్రీస్తు గురించి చెప్పిందనేది ఇక్కడి కథ.
నేను వృద్ధాశ్రమంలో నర్సుని. డోనెగాల్ ముసలమ్మ ఒకామె నాకు ఇది అల్లడం నేర్పింది. ఈ గడ్డిని రష్ అంటారు, మన తుంగలాగా తడి నేలల్లో మొలుస్తుంది. కత్తితో కొయ్యకూడదట, చేత్తో లాగాలి. ముందు రోజు రాత్రి ఓ గుడ్డ ముక్క బయట ఆరేస్తారు, బ్రిజిడ్ దాన్ని తాకి వెళ్తుందని. తలనొప్పి వస్తే ఆ గుడ్డే తలకు కట్టుకుంటారు. అల్లినంతసేపూ ఆమె జపం చేసుకునేది. ఇంబోల్క్ అనే మాట ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు.

లెక్కల_మాస్టారు
శాస్త్రోక్తం గారు చెప్పిన దేవత, అక్కచెల్లెళ్ల సంగతి కోర్మాక్ పేరు మీద ఉన్న నిఘంటువులోది. ఆ కోర్మాక్ కాషెల్ రాజు, బిషప్ కూడా. 908లో పోయాడు. దేవత ఉండేదని రాసిపెట్టిన మనిషీ చర్చివాడే! పైగా అందులో గడ్డి శిలువ ఊసు లేదు.

పాప్‌కార్న్_పాపారావు
2023 నుంచి దీనికి సెలవు ఇస్తున్నారు. ఆ సోమవారం పది దాకా పడుకోవడం మా ఇంటి సంస్కృతి.

శాస్త్రోక్తం
మాస్టారూ, రాత లేకపోతే లేనట్టేనా? ఇక్కడి న్యూగ్రేంజ్ పాత సమాధి రాళ్ల మీద మూడు సుడుల గుర్తుంది. క్రీ.పూ. 3200 నాటిది. దాని పక్కన ఎవరైనా వివరణ చెక్కి పెట్టారా? ఆకారం చూడండి. నాలుగు చేతులు, నాలుగూ కుడికి తిరిగాయి. మామూలు శిలువకు చేతులు తిరుగుతాయా?

లెక్కల_మాస్టారు
న్యూగ్రేంజ్ కట్టినప్పుడు, మీరు చెప్పే దేవతను కొలిచిన కెల్టులే అక్కడ లేరండీ. ఆ సుడులనే ఇప్పుడు లాకెట్ల మీద వేసి కెల్టిక్ అని అమ్ముతున్నారు. మీ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది.

గోదారి_గాల్వే
కుడికి అంటున్నారు గానీ, వెనక్కి తిప్పి చూస్తే ఎడమకి తిరుగుతోంది.

శాస్త్రోక్తం
ముందు వైపు ఏదో పాపను అడగండి.

గోదారి_గాల్వే
"రెండూ ముందే" అంటోంది.

డబ్లిన్_డ్రైవర్
ఇక్కడి ప్రభుత్వ టీవీ 1961 డిసెంబర్ 31న మొదలైంది. మొదట్లో దాని గుర్తు ఈ శిలువే. మా ఓనర్ ముసలాయన చర్చి మొహం చూడడు, కానీ దీన్ని వంటింట్లో కడతాడు. "మా అమ్మ కట్టేది" అంటాడు, అంతే.

మదనపల్లె_మిర్చి
ఐర్లండ్ అనగానే మా ఊరు గుర్తుకు రావాలి. 1919లో మదనపల్లెలో జనగణమనకు బాణీ కుదిర్చిన మార్గరెట్ కజిన్స్‌ది రోస్‌కామన్ కౌంటీలోని బాయిల్.

పాప్‌కార్న్_పాపారావు
ఈ ముక్క ఇంకా రాలేదేంటా అని ఎదురుచూస్తున్నా.

శాస్త్రోక్తం
టీవీ గుర్తు అయిందంటే అది మతం దాటిపోయిందనే కదా. నేను చెప్పేదీ అదే. శిలువ అనే పేరు పైపూత. స్వస్తికం అనుకుని కట్టుకుంటే అత్తగారికీ అభ్యంతరం ఉండదు.

ఫిరంగిపురం_కృప
ఒక్క మాట అడుగుతాను. స్వస్తికం అయితే గుమ్మానికి, సిలువ అయితే పిల్ల గదిలో మూలకి. మీ తీర్పు ఇదేనా? పైపూత అంటున్నారు. మా ముసలమ్మ జపం చేస్తూ అల్లింది పైపూతా? ఆమెకు మీ బృహతీ ఎవరో తెలియదు, మీకు ఆమె దేవుడు అక్కర్లేదు. గడ్డి మాత్రం కావాలి.

శాస్త్రోక్తం
ఉన్న మాట అంటే కోపమెందుకు? నా సంగతి వినండి. మేం ఇక్కడ ఫ్లాట్ కొన్నప్పుడు గృహప్రవేశానికి గుమ్మం ముందు ముగ్గు వేసి, తలుపు మీద పసుపు కుంకుమలతో స్వస్తికం దిద్దాం. మూడో రోజు మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి మెయిల్. ఎవరో భయపడ్డారట, తుడిచేయమన్నారు. మా అమ్మ తన చేత్తో దిద్దిన స్వస్తికాన్ని ఆమె చూస్తుండగానే తడి గుడ్డ పెట్టి తుడిచాను. అదేమిటో వివరిస్తూ రెండు పేజీలు రాస్తే జవాబు కూడా లేదు. వాళ్ల గుర్తు మాత్రం మన పిల్లలు స్కూల్లో అల్లుకొచ్చి మన గుమ్మానికి కట్టాలి.

లెక్కల_మాస్టారు
డబ్లిన్‌లోనే 1912లో స్వస్తిక లాండ్రీ అని ఒకటి పెట్టారు. వ్యాన్ల మీద ఆ గుర్తు వేసుకుని దశాబ్దాల పాటు ఊరంతా తిరిగింది. ఆ మెయిల్‌కి ఇది జతచేసి పంపాల్సింది.

ఫిరంగిపురం_కృప
అమ్మగారి సంగతి చదివితే బాధేసింది. నిజంగానే. కానీ ఆ కోపం వాళ్ల మీద చూపించాల్సింది, నామీద కాదు.
"వాళ్ల గుర్తు", "మన గుమ్మం" అన్నారే, అందులో నేనెక్కడ? మాది ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్, మూడు తరాలుగా. మా గుమ్మానికీ మామిడాకులు కడతాం. గుణదల మాత కొండ మీద కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, ఏ మతమని ఎవరూ అడగరు. కిందటి ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ల కలయికకి నేను పచ్చడి చేసి తీసుకెళ్లాను. వేపపూత దొరక్క ఊరి నుంచి ఎండబెట్టి తెప్పించాను. ఒకావిడ గిన్నె మూత తీస్తూ "అయ్యో, మీకు కూడా ఉగాది ఉందా?" అంది. గిన్నె అలాగే వెనక్కి తెచ్చుకున్నాను, సగం కూడా ఖాళీ కాలేదు.
గోదారి గారి ప్రశ్న చూసినప్పటి నుంచి నాకు అదే తిరుగుతోంది. మన తెలుగు ఇంట్లో సిలువ ఉండొచ్చా అని అడిగినట్టే ఉంది.

గోదారి_గాల్వే
కృపా, నేను ఆ ఉద్దేశంతో అడగలేదు. కానీ మీరు చెప్పాక మళ్లీ చదువుకున్నాను. అలాగే ఉంది. ఏమనుకోకండి.

శాస్త్రోక్తం
కృప గారూ, మిమ్మల్ని పరాయి చేయాలని కాదు. మా ఇంటికి రండి, పచ్చడి మేం తింటాం. అయినా నా మాట నాదే, ఆకారం స్వస్తికానిదే.

ఫిరంగిపురం_కృప
వస్తాను. వచ్చేటప్పుడు సిలువ కూడా తెస్తాను. స్వస్తికం అనుకుని తీసుకుంటానంటే మాత్రం ఇవ్వను.

పాప్‌కార్న్_పాపారావు
పచ్చడికి నన్ను కూడా పిలవండి. నాకు ఏ ఆకారమైనా పర్లేదు.

గోదారి_గాల్వే
మీరంతా ఒక మాట మీదకు వచ్చేలోపు హీటర్ వేడికి గడ్డి ఎండిపోయి, ఒక చేయి ఊడిపోయింది. ఇప్పుడు మూడే ఉన్నాయి. పాప ఏడుస్తోంది. కృపా, మళ్లీ అల్లొచ్చా?

ఫిరంగిపురం_కృప
ఎండిన గడ్డి విరిగిపోతుంది, కొత్తది కావాలి. పాపను ఏడవొద్దనండి. మూడు చేతులవి కూడా ఉంటాయి. మా ముసలమ్మ వాళ్ల వైపు వాటిని పశువుల కొట్టంలో కడతారు.

గోదారి_గాల్వే
అయితే కుదిరింది. మా ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునే గది తలుపుకి తగిలించాను. అత్తయ్యగారు కూడా ఏమీ అనలేదు. రాత్రి ఓ పాత జాకెట్ గుడ్డ బాల్కనీలో ఆరేసి పడుకున్నారు. ఆవిడకి తలనొప్పి ఉంది.