అప్‌డేట్: పాప కుడి చెయ్యి కదులుతోంది

ప్రసవంలో భుజం ఇరుక్కుని పాప కుడి చెయ్యి వాలిపోయిందని, మళ్లీ కదలిక వస్తుందా అని అప్పట్లో అడిగాను. ధైర్యం చెప్పినవారందరికీ కృతజ్ఞతలు.

అది ఎర్బ్స్ పాల్సీ. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల్లో పైవి, అంటే 5, 6 మెడ నరాలు సాగాయని, తెగి ఉండకపోవచ్చని డాక్టర్ చెప్పారు. అందుకే వేళ్లు మొదటి నుంచీ గట్టిగా పట్టుకునేవి, మోచెయ్యి మాత్రం మడిచేది కాదు. ఎక్స్‌రేలో కాలర్ ఎముక విరగలేదని తేలింది.

3 నెలలకు మోచెయ్యి మడవకపోతే నరాల సర్జన్‌కు చూపించాలన్నారు. ఆ గడువు తలచుకుంటే నిద్ర పట్టేది కాదు. డైపర్ మార్చిన ప్రతిసారీ పాప మోచేతిని ఒంటి పక్కకు ఆనించి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పేదాన్ని. భుజం బిగుసుకుపోకుండా ఈ వ్యాయామం చాలా అవసరం. ‘దానంతట అదే తగ్గుతుంది’ అన్న మాట విని ఊరుకోకండి, తొలి వారాల్లోనే ఫిజియోథెరపిస్టును కలవండి.

గడువుకు ముందే, ఒక మధ్యాహ్నం, కుడి పిడికిలిని తనంతట తానే నోటి దాకా తెచ్చుకుని చప్పరించింది! ఏడ్చేశాను.

భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు. ఫిజియోథెరపీ కొనసాగుతోంది. ఈసారి వెళ్లినప్పుడు భుజం కీలు సరిగ్గా కూర్చుందో లేదో అల్ట్రాసౌండ్‌లో చూస్తామన్నారు.