మకర రాశి బొమ్మ మొసలా, మేకా? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం మకర రాశి బొమ్మ గీయాలి. ఇంట్లో పంచాంగంలో మొసలిలా ఉంది, ఫోన్‌లో వెతికితే చేప తోక ఉన్న మేక వస్తోంది. మేకచేప బాబిలోనియా వాళ్ల నుంచి గ్రీకులకు వచ్చిందని చదివాను. మన మకరం గంగమ్మ వాహనం, గుడి మకర తోరణంలో నోరు తెరుచుకుని ఉండేది. మరి ఈ రెండూ ఒకే రాశికి ఎలా కుదిరాయి?

ఇంకో సందేహం. సంక్రాంతి నుంచి ఉత్తరాయణం అంటాం కదా, కానీ పగలు పెరగడం డిసెంబర్ 22 నుంచే మొదలవుతుంది. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ తేడా వస్తుందని, అందుకే పండగ జనవరి 14, 15కి జరిగిందని మా బావగారు అంటున్నారు. అంతవరకు అర్థమైంది. మరి పుణ్యకాలాన్ని డిసెంబర్‌కి మార్చకుండా రాశితోనే ఎందుకు ఉంచారు? పంట ఇంటికొచ్చే కాలమనా?

జ్యోతిషం తెలిసినవాళ్లు, శిల్పశాస్త్రం చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి. జాతకాలు వద్దండీ, బొమ్మ సంగతి తేలితే చాలు. సోమవారం ఇచ్చేయాలి, పాప కంటే నాకే టెన్షన్‌గా ఉంది.